వేడెక్కాక మళ్లీ ఒకసారి

పాత మోటార్‌సైకిలుకు సైలెన్సర్ ఒక్కరోజులో ఊడి పడదు. ముందు శబ్దం మారుతుంది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోతూ ఎక్కడైనా యాక్సిలరేటర్ వదిలితే ఇంజను ముందు భాగంలో టపటపమని చిన్న పేలుళ్లు వినిపిస్తాయి. కొన్నాళ్లకు సిలిండరుకు పైపు కలిసే చోట నల్లటి మసి పడుతుంది. టూ స్ట్రోక్ బండయితే ఆ మసి జిడ్డుగా కిందికి కారుతుంది. ఇంకొన్నాళ్లకు బెండు పైపును పట్టుకొని కదిపితే కదులుతుంది. చాలామందికి పానా గుర్తొచ్చేది అప్పుడే. చిరాకుతో, ఉన్న బలమంతా పెట్టి బిగిస్తారు. వారం తిరక్కముందే మళ్లీ అదే టపటప.

ఈ అధ్యాయం ఆ వారం గురించి. గట్టిగా బిగించిన నట్టు ఎందుకు వదులైంది, ఆ బిగువు నిలవాలంటే మన చేతులూ మన ఓపికా ఏ వరుసలో పని చేయాలి అన్నదే ఇక్కడి విషయం. ఇంతకుముందు మాట గురించి, కోపం గురించి, డబ్బు గురించి చెప్పుకున్నాం. వాటిలో మనల్ని మనం మభ్యపెట్టుకోవడానికి చాలా చోటుంది. నట్టు దగ్గర అంత చోటు లేదు. పొగ కారుతుంటే కారుతున్నట్టే, ఆగితే ఆగినట్టే. అందుకే నిలకడ అలవాటు చేసుకోవాలనుకునే వాళ్లకు ఒక పాత బండిని సొంత చేతులతో చూసుకోమని నేను చెబుతాను.

ముందు మీ బండికి పైపు దేని ఆధారంతో నిలబడి ఉందో కింద కూర్చొని చూడండి. అన్ని బండ్లకూ ఒకే పద్ధతి లేదు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి జావాలను, తర్వాత అదే వరుసలో యెజ్డీలను 1996 వరకు తయారు చేసింది. ఆ 250 సీసీ బండ్లకు సిలిండరు ఒకటే అయినా పొగ బయటికొచ్చే మూతులు రెండు, పైపులు రెండు, సైలెన్సర్లు రెండు. ప్రతి పైపు కొసనున్న అంచును ఒక పెద్ద రింగు నట్టు లాగిపట్టి సిలిండరు మూతికి అదిమి ఉంచుతుంది. అంటే వదులయ్యే చోట్లు కూడా రెండు. మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరులో 1955లో మొదలైన బుల్లెట్‌ది వేరే దారి. పాత ఇనుప సిలిండరు బుల్లెట్లకు బెండు పైపు హెడ్డు రంధ్రంలోకి దూరి కూర్చుంటుంది. దాన్ని అక్కడ పట్టి ఉంచేది ఏ నట్టూ కాదు, కిందనున్న బ్రాకెట్లు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 లాంటి బండ్లకు హెడ్డులోంచి బయటికి రెండు సన్నని స్టడ్డులు ఉంటాయి. రెండు చిన్న నట్లు ఒక పట్టీని సమానంగా నొక్కి పైపును నిలబెడతాయి. మీది ఈ మూడింటిలో ఏ రకమో తెలియకుండా పానా తీయకండి. బుల్లెట్ పైపు మూతి దగ్గర పొగ కారుతుంటే మూతి దగ్గరే బిగించే నట్టు కోసం వెతికేవాళ్లు ఉంటారు. వాళ్లు చూడాల్సింది రెండు అడుగులు కిందికి.

ఇప్పుడు వేడి సంగతి. దీన్ని కాస్త నిదానంగా చదవండి. మిగతా అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఉక్కు ఒక మీటరు పొడవుంటే, ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇది కంటికి ఆనదు. కానీ బెండు పైపు ఒక డిగ్రీ దగ్గర ఆగదు. 80 సెంటీమీటర్ల పైపు సగటున 200 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. దాని పొడవు దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి ఆపి టీ తాగేలోపు ఆ 2 మిల్లీమీటర్లూ వెనక్కి వచ్చేస్తాయి. పైపు ముందు కొస సిలిండరుకు, వెనుక కొస ఛాసిస్‌కు కట్టేసి ఉంది. మధ్యలో పెరిగిన పొడవు ఎటు పోవాలి? అది ముందు ప్యాకింగును నొక్కుతుంది, బ్రాకెట్టును వంచుతుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చోటు చేసుకుంటుంది. చల్లారాక ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. దానికి ఇంజను అదురు తోడవుతుంది.

అల్యూమినియం అయితే ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. బుల్లెట్‌కు హెడ్డు అల్యూమినియం, పైపు ఉక్కు. పైపు ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి నడుస్తున్నంతసేపూ రెండూ కాస్త సర్దుకుంటాయి. ఇబ్బంది వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ వస్తుంది. సన్నని పైపు తొందరగా చల్లారుతుంది, మందపాటి హెడ్డు నిదానంగా చల్లారుతుంది. ఆ కొద్ది నిమిషాల తేడాలో రోజూ రెండు లోహాలూ ఒకదాన్నొకటి కొద్దికొద్దిగా జరుపుకుంటాయి.

కాబట్టి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క ఒక్కటే చాలదు. ఎన్నిసార్లు వేడెక్కి చల్లారిందన్నది అంతకంటే ముఖ్యం. ప్రొద్దుటూరు నుంచి ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందులకు ఏకబిగిన పోయి వచ్చిన బండి ఆ రోజు వేడెక్కింది రెండుసార్లే. అదే బండి మీద పొద్దున పాలకు, తర్వాత పిల్లల బడికి, మధ్యాహ్నం అంగడికి, సాయంత్రం గుడికి ఊళ్లోనే తిరిగితే దూరం పది కిలోమీటర్లు దాటకపోవచ్చు, వేడెక్కడం చల్లారడం మాత్రం అరడజను సార్లు జరుగుతుంది. పైగా ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. దూరం పోయే బండిలో సైలెన్సర్ బాగా కాగి ఆ ఆవిరి బయటికి పోతుంది. ఊళ్లో తిరిగే బండిలో అది సైలెన్సర్ లోపలే నీళ్లుగా మారి నిలిచి, ఇనుమును లోపలి నుంచి తినేస్తుంది. పైన క్రోమియం మెరుస్తూనే ఉంటుంది. బండికి ఎండా వానా తగలకుండా దాచుకున్నవాళ్లు సైలెన్సర్ పాడైతే ఆశ్చర్యపోతారు. వారానికొకసారి గండికోట దాకా తోలుకొని వచ్చే మనిషి బండే ఎక్కువ కాలం బాగుంటుంది. జమ్మలమడుగు నుంచి అది 15 కిలోమీటర్ల దారి.

బిగించే వరుసకు వద్దాం. నూటికి తొంభైమంది తప్పు ఇక్కడే జరుగుతుందని నా నమ్మకం. సైలెన్సర్ బరువైనది కాబట్టి ముందు దాన్ని వెనుక బ్రాకెట్టుకు గట్టిగా బిగిస్తారు. తర్వాత బెండు పైపును సిలిండరు మూతికి తెస్తారు. అది అరంగుళం పక్కకు ఉంటుంది. చేత్తో తోసి, మోకాలితో నెట్టి, నట్టు పట్టించి తిప్పేస్తారు. నట్టు బిగుసుకుంటుంది. కానీ ఆ నట్టు ఇప్పుడు రెండు పనులు చేస్తోంది. ప్యాకింగును నొక్కడం ఒకటి, వంకరగా ఉన్న పైపును బలవంతంగా పట్టి ఉంచడం ఇంకొకటి. రెండో పనికి దాన్ని ఎవరూ తయారు చేయలేదు.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. అన్నీ వదులుగా పెట్టండి. మూతి దగ్గర నట్టు వేలితో తిరిగేంత, కింది బ్రాకెట్టు బోల్టు కదిలేంత, వెనుక సైలెన్సర్ బోల్టు ఊగేంత వదులుగా ఉండాలి. ఇప్పుడు పైపును చేత్తో కదుపుతూ మూతిలో అది తనంతట తాను చదునుగా కూర్చునే చోటు వెతకండి. ఈ వెతుకులాటకు ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. కూర్చున్నాక మూతి దగ్గర ముందు బిగించండి, తర్వాత బెండు పైపు బ్రాకెట్టు, తర్వాత పైపూ సైలెన్సరూ కలిసే చోటి క్లాంపు, చిట్టచివర వెనుక బ్రాకెట్టు. ఎక్కడైనా బోల్టు రంధ్రాలు ఎదురెదురుగా రాకపోతే పైపును వంచకండి. బ్రాకెట్టు కింద ఒక వాషరు వేసి ఎత్తు సరిచేయండి, లేదా బ్రాకెట్టును సరిచేయించండి. రెండు స్టడ్డుల బండయితే ఒక నట్టు పూర్తిగా తిప్పి రెండోదానికి పోకండి. ఇటు అర చుట్టు, అటు అర చుట్టు. పట్టీకీ హెడ్డుకూ మధ్య సందు రెండు వైపులా సమానంగా కనిపించాలి.

ఎంత బిగించాలి? సన్నని 6 మిల్లీమీటర్ల స్టడ్డుకు 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, 8 మిల్లీమీటర్ల దానికి 20 నుంచి 25 మధ్య చాలు. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. చేతి లెక్కలో చెప్పాలంటే, 10 న్యూటన్ మీటర్లంటే 10 సెంటీమీటర్ల పానా చివర 10 కిలోల బరువు వేలాడదీసినంత. అదే పానాకు ఇనుప గొట్టం తొడిగి 40 సెంటీమీటర్లు చేస్తే, మీరు పెట్టింది అంతే బలమైనా స్టడ్డు మీద పడేది నాలుగింతలు. స్టడ్డు సాగుతుంది, ఇంకొంచెం తిప్పితే తెగుతుంది. హెడ్డు లోపల తెగిన స్టడ్డును బయటికి తీయడం ఒక పూట పని, ఒక్కోసారి హెడ్డుకే ముప్పు.

ఏ షెడ్డు దగ్గరైనా ఇలాంటి మాటలు వినిపిస్తాయి.

"అన్నా, ఇంగొంచెం బిగిచ్చు. మళ్లా ఊడిపోతాది."

"వద్దబ్బీ, ఇంగ తిప్పితే మర పోతాది. జమ్మలమడుగు దాకా తోలుకోని రా పో. సల్లారినాక మళ్లా జూద్దాం."

ఆ కుర్రవాడు చాలాసార్లు తిరిగి రాడు. శబ్దం ఆగిపోయింది, పని అయిపోయిందనుకుంటాడు. మెకానిక్ చెప్పిన రెండో మాటలోనే పనంతా ఉంది. కొత్త ప్యాకింగు మొదటిసారి వేడెక్కినప్పుడు మెత్తబడి, నలిగి, పలచబడుతుంది. రాగి రింగు మూతి ఆకారానికి తగ్గట్టు అణుగుతుంది. పెయింటు పూత కాలిపోతుంది. ఇవన్నీ కలిసి నట్టు కింద సన్నని ఖాళీ వదులుతాయి. మొదటి వేడి తర్వాత మళ్లీ ఒకసారి, నట్టు కావాలన్నంత మాత్రమే తిప్పితే ఆ ఖాళీ పోతుంది. చాలా సందర్భాల్లో అది పావు చుట్టు కూడా ఉండదు. ఆ పావు చుట్టు తిప్పిన బండి నెలల తరబడి బిగువుగా ఉంటుంది. తిప్పని బండికి ఖాళీలోంచి వేడి పొగ దూరి ప్యాకింగును కాల్చేస్తుంది. ఆ తర్వాత ఎంత బిగించినా ఉపయోగం లేదు, ప్యాకింగు మార్చాల్సిందే.

సన్నని స్టడ్డుల నట్లను ఇంజను పూర్తిగా చల్లారాక చూడండి. యెజ్డీ, జావాల పెద్ద రింగు నట్టును మాత్రం ఇంకా వెచ్చగా ఉండగానే, చేతికి మందపాటి తోలు తొడుగు వేసుకొని చూడటం మంచిది. దానికి సి ఆకారపు పానా వాడండి. ఉలి పెట్టి సుత్తితో కొట్టే అలవాటు మన షెడ్లలో చాలా ఉంది. అలా కొట్టిన నట్టు గాడులు చెక్కుకుపోతాయి. ఇంకా పెద్ద నష్టం లోపల జరుగుతుంది. దెబ్బ ఒకే పక్క పడటంతో నట్టు వంకరగా లాగి సిలిండరు మూతి మీది మరలను అరగదీస్తుంది. సి పానా ఖరీదు ఒక పూట భోజనమంత. సిలిండరు మరలు పోతే అయ్యే ఖర్చుతో దాన్ని పోల్చనవసరం లేదు.

ఇంగ్లండులో తయారైన నార్టన్ కమాండో 1967లో లోకానికి పరిచయమైంది. ఎంతో పేరున్న ఆ బండికి కూడా ఇదే జబ్బు. దాని అల్యూమినియం హెడ్డులోని మరల్లోకి ఉక్కు రింగు నట్లు దిగుతాయి. వేడెక్కితే హెడ్డు ఎక్కువగా వ్యాకోచించి నట్టు వదులవుతుంది. వదులుగానే నడిపితే అదిరి అదిరి హెడ్డు మరలు కొట్టుకుపోతాయి. ఆ బండ్ల యజమానులు కొత్త ప్యాకింగు వేశాక ఇంజనును బాగా వేడెక్కించి, వేడి మీదే బిగించి, నట్టు తిరిగిపోకుండా సన్నని తీగతో కట్టేస్తారు. తీగ కట్టే పద్ధతి మనకూ పనికొస్తుంది. రింగు నట్టు గాడికి ఒక కొస, పైపు బ్రాకెట్టుకు ఇంకో కొస, నట్టు బిగిసే దిశగా లాగేటట్టు మెలిపెట్టాలి. విప్పే దిశగా కడితే ఆ తీగ ఎందుకూ పనికిరాదు.

ఇక ఇక్కడ ఒక్క మాట మన జీవితం గురించి, ఎందుకంటే ఇది ఆ పుస్తకమే. ప్రొద్దుటూరులో ఇద్దరు అన్నదమ్ములు కలిసి బంగారం అంగడి పెట్టారనుకోండి. కాగితం రాసుకున్నారు, పెట్టుబడి వాటాలు తేల్చుకున్నారు, పెద్దల ముందు చేతులు కలిపారు. అది చల్లగా ఉన్నప్పుడు చేసిన బిగింపు. అమ్మవారిశాల దసరా వచ్చింది, ఊరంతా జనం, అంగట్లో ఊపిరాడని పని. ఎవరు తెల్లవారుజామున షట్టరు తీశారు, ఎవరు అప్పు ఖాతాలు రాశారు, ఎవరి బామ్మర్దికి తగ్గింపు ఇచ్చారు అన్నవన్నీ ఆ పది రోజుల్లో బయటపడతాయి. ఒప్పందం ఎక్కడెక్కడ నలిగిందో అప్పుడే తెలుస్తుంది. పండుగ అయ్యాక మనసులు నెమ్మదించిన ఒక రోజు ఇద్దరూ మళ్లీ కూర్చొని ఆ కాగితాన్ని ముందు పెట్టుకోవాలి. కొత్తది రాయనక్కర్లేదు. ఎక్కడ సందు వచ్చిందో అక్కడ కొంచెం సరిచేసుకుంటే చాలు. చాలా ఇళ్లలో ఈ రెండోసారి కూర్చోవడం జరగదు. "అన్నీ ముందే మాట్లాడుకున్నాం కదా, మళ్లీ ఎందుకు, నమ్మకం లేదా?" అంటారు. నమ్మకం ఉంది కాబట్టే మళ్లీ కూర్చోవాలి. పెళ్లయిన మొదటి సంవత్సరానికి, కొత్త ఉద్యోగంలో మొదటి మూడు నెలలకు, ఇంట్లో అమ్మానాన్నల సంరక్షణను తోబుట్టువులు పంచుకున్న మొదటి జబ్బు తర్వాతకు కూడా నేను ఇదే చెబుతాను. మీ జీవితంలో కొత్తగా బిగించుకున్నది ఏదో ఇప్పుడే ఒక కాగితం మీద రాయండి. దాని మొదటి వేడి ఎప్పుడు రాబోతుందో పక్కన రాయండి. ఆ తర్వాతి వారంలో ఒక తేదీ వేసుకోండి.

మళ్లీ బండి దగ్గరికి. ప్యాకింగు గురించి చెప్పాల్సింది చాలా ఉంది, ముఖ్యంగా మన ప్రాంతం వాళ్లకు.

పాత బండ్ల సైలెన్సర్ ప్యాకింగుల్లో, రాగి రేకు మధ్య దాచిన మెత్తటి పొరల్లో, పైపులకు చుట్టిన తాళ్లలో ఒకప్పుడు రాతినార, అంటే ఆస్బెస్టాస్, వాడేవారు. ఎంత వేడికైనా కాలదు, నలిగితే సందును నింపుతుంది, చవక. ఆ రాతినార మన పులివెందుల నేలలోనే దొరికేది. బ్రాహ్మణపల్లె గనుల పేరు భూగర్భ శాస్త్రం చదివినవాళ్లందరికీ తెలుసు. అక్కడి రాతి పొరకు వేంపల్లె పేరే పెట్టారు. కోట్ల సంవత్సరాల కిందట ఆ సున్నపురాతి పొరల మధ్యకు కరిగిన శిలాద్రవం చొరబడింది. దాని వేడి తాకిన అంచుల్లో రాయి మారిపోయి, అందులో తెల్లటి పట్టులాంటి క్రిసోటైల్ నార పుట్టింది. దేశంలో నాణ్యమైన క్రిసోటైల్ అంటే ఈ ప్రాంతం పేరే చెప్పేవారు.

ఆ నారను తవ్వినవాళ్ల, దంచినవాళ్ల, ఫ్యాక్టరీల్లో నేసినవాళ్ల ఊపిరితిత్తులకు ఏమైందో కూడా మనం తెలుసుకోవాలి. దాని పోగులు కంటికి కనిపించనంత సన్నవి. గాలిలో కలిసి లోపలికి పోతే అక్కడే ఉండిపోతాయి. జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 సంవత్సరాలు పట్టవచ్చు. ఊపిరితిత్తులు గట్టిపడి బిగుసుకుపోతాయి, క్యాన్సర్ రావచ్చు. మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థాల మొదటి వర్గంలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ దీన్ని చేర్చింది. మన దేశంలో రాతినార తవ్వకాలకు కొత్త లీజులు ఇవ్వొద్దని 1986లో కేంద్రం చెప్పింది, తర్వాత పాత లీజుల పొడిగింపు కూడా ఆగింది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 సంవత్సరాలు, లేదా పని మానేశాక 15 సంవత్సరాలు, రెండింటిలో ఏది తర్వాత ముగిస్తే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు ఎంత నిదానంగా వస్తుందో ఆ 40 అంకెలోనే ఉంది.

అందువల్ల మీ చేతిలో ఉన్న పాత బండి ప్యాకింగు ఎప్పటిదో తెలియకపోతే అందులో రాతినార ఉందనే అనుకొని పని చేయండి. ఎండిపోయిన ప్యాకింగును చాకుతో గీకకండి. డ్రిల్లుకు వైరు బ్రష్షు తగిలించి అసలే రుద్దకండి. కంప్రెసరు గాలితో ఊదకండి. మూతి దగ్గర సబ్బు నీళ్లు చిలకరించి బాగా నానబెట్టండి, తడిగా ఉండగానే చేత్తో నెమ్మదిగా ఊడదీయండి, తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డనూ ముక్కలనూ తడిగానే రెండు ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి కట్టేయండి. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే చాలదు. అంత సన్నని పోగుల్ని బట్ట ఆపలేదు, దుమ్ము లేవకుండా చూడటమే అసలు రక్షణ. పిల్లల్ని ఆ సమయంలో దగ్గరికి రానివ్వకండి. షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి. కొత్తగా వేసేటప్పుడు రాగి రింగు గానీ, గ్రాఫైట్ ప్యాకింగు గానీ అడిగి తీసుకోండి. రెండూ ఈ వేడికి నిలుస్తాయి. రాగి రింగును ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడి బాగా అణుగుతుంది.

నట్ల ఎంపిక మీద కొంచెం. లోపల నైలాన్ రింగు ఉన్న లాకు నట్లు బండిలో చాలాచోట్ల మంచివే, సైలెన్సర్ మూతి దగ్గర మాత్రం వద్దు. ఆ వేడికి నైలాన్ కరిగి పట్టు పోతుంది. స్ప్రింగు వాషరు కూడా అక్కడ ఎక్కువకాలం నిలవదు, వేడికి దాని బిర్రు పోయి మామూలు రేకు అయిపోతుంది. ఇత్తడి నట్టు వేస్తే ఉక్కు స్టడ్డుకు తుప్పు పట్టి అతుక్కుపోదు, విప్పాల్సి వచ్చినప్పుడు సులువుగా వస్తుంది. మరలకు రాగి పొడి కలిసిన వేడి నిరోధక గ్రీజు ఒక్క బొట్టు రాస్తే ఇంకా మంచిది. గ్రీజు రాసిన నట్టు అదే బలానికి ఎక్కువ బిగుస్తుంది కాబట్టి చేయి కాస్త తేలిక చేయండి. ఏళ్ల తరబడి కదలని నట్టును విప్పాలంటే ముందు రోజు రాత్రే నూనె వేసి ఉంచండి. పొద్దున విప్పే దిశలో కొంచెం, మళ్లీ బిగించే దిశలో కొంచెం తిప్పుతూ పోండి. ఒకే దిశలో పట్టుబట్టి లాగితే స్టడ్డు తెగుతుంది.

టూ స్ట్రోక్ బండి ఉన్నవాళ్లు వెనుక కొస విప్పి లోపలి బఫిల్ గొట్టాన్ని ఏడాదికొకసారైనా శుభ్రం చేయాలి. మసి పేరుకుంటే పొగ వెనక్కి తంతుంది, మూతి దగ్గర ఒత్తిడీ వేడీ పెరుగుతాయి, అక్కడి ప్యాకింగే ముందు దెబ్బతింటుంది. మూతి దగ్గర ఎంత బిగించినా ఆగకపోతే ఒకసారి వెనుక చూడండి.

పొగ ఎక్కడి నుంచి కారుతోందో కనిపెట్టడానికి చల్లని ఇంజనే మంచిది. స్టార్టు చేసిన మొదటి నిమిషంలో మూతి దగ్గర చేయి తగలకుండా రెండంగుళాల దూరంలో పెట్టి గాలి తగులుతుందేమో చూడండి. ఇంకొకరు తోడుంటే సైలెన్సర్ చివరను తడిగుడ్డతో రెండు మూడు క్షణాలు అదిమి పట్టమనండి. కారే చోట బుస్సుమని వినిపిస్తుంది. ఈ పరీక్ష ఆరుబయట చేయండి. తలుపులు వేసిన గదిలో బండి స్టార్టు చేసి ఉంచడం ప్రాణాపాయం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే టపటపకు కారణం కూడా ఇదే. సందులోంచి బయటి గాలి పైపులోకి చొరబడుతుంది, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి ఆ గాలితో కలిసి పైపులోనే అంటుకుంటుంది. కొందరికి ఆ శబ్దం ఇష్టం, బండికి జోరు వచ్చిందనుకుంటారు. అది బండి సహాయం అడుగుతున్న శబ్దం. దాన్ని అలా వినే అలవాటు చేసుకోండి.

50 సంవత్సరాలు దాటిన బండిని పాత అందంతోనే ఉంచుకున్నవాళ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. దానికి వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. రోజువారీ తిరుగుడుకు మాత్రం ఆ నంబరు కుదరదు. బండి అసలు రూపం మారకూడదన్నది అందులో ప్రధానమైన షరతు. కాబట్టి శబ్దం కోసం పాత సైలెన్సర్‌ను కోయించేముందు, వెల్డింగు పెట్టించేముందు ఆగండి. కారుతున్న చోట వెల్డింగు పెట్టిస్తే ఆ పూటకు ఆగుతుంది, తర్వాత పైపు విప్పాల్సిన రోజు కోయడం తప్ప మార్గం ఉండదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, మీకంటే ముందు ఆ బండిని తోలినవాళ్లు మరలు అరగదీసి ఉండవచ్చు. రింగు నట్టు ఎంత తిప్పినా ఆగకుండా తిరుగుతూనే ఉందంటే ఇక బిగించే ప్రయత్నం మానేయండి. గుడ్డ చుట్టి, సీలు పేస్టు పూసి, తీగ కట్టి నెట్టుకొచ్చే కొద్దీ మిగిలిన మరలు కూడా పోతాయి. సిలిండరు విప్పి అనుభవమున్న లేతు షాపుకు ఇవ్వండి. అరిగిన చోట ఇత్తడి పోయించి మళ్లీ మరలు కోయడమో, మూతికి కొత్త రింగు తొడగడమో వాళ్లు చేస్తారు. ఆ పనికి సిలిండరు ఒక్కటే పట్టుకుపోకండి. నట్టు, బెండు పైపు, కొత్త ప్యాకింగు కూడా తీసుకెళ్లండి. కొత్త నట్టు దొరికితే అదే తీసుకెళ్లండి, అరిగిన నట్టుకు సరిపడా కోసిన మరలు మళ్లీ వదులుగానే ఉంటాయి. పని అయ్యాక డబ్బు ఇచ్చేముందు అక్కడే పైపు పెట్టి, ప్యాకింగు వేసి, నట్టు చేత్తో ఎక్కించి చూడండి. కనీసం మూడు చుట్లు పానా లేకుండా, వంకర పోకుండా దిగాలి. దిగకపోతే అక్కడే చెప్పి సరిచేయించుకోండి.